బెంగుళూరు లా స్కూలు – పుట్టుక, తొలి రోజులు



ప్రత్యేక సంచికకు చరిత్ర విషయంగా ఒక వ్యాసం రాయవలసిందని మన సంఘ కార్యదర్శి గారు కోరారు. మన పెద్దలలో కొందరు దేవాలయాల గురించి, కొందరు పాత తాలూకా కచేరీల గురించి రాస్తున్నారని తెలిసింది. అందువల్ల నేను ఒక విద్యాసంస్థను ఎంచుకున్నాను. అది మన రాష్ట్రాల్లోది కాదు, పొరుగున ఉన్న కర్ణాటకలోది. పేరు నేషనల్ లా స్కూల్ ఆఫ్ ఇండియా యూనివర్సిటీ. అందరూ బెంగుళూరు నేషనల్ లా స్కూలు అంటారు. మన దేశంలో కేవలం న్యాయశాస్త్రం కోసమే ఏర్పడిన మొదటి విశ్వవిద్యాలయం అదే. తర్వాత హైదరాబాదులో నల్సార్, విశాఖపట్నంలో దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం దాని బాటలోనే వచ్చాయి. మన మనుమలు, మనుమరాళ్ళు కొందరు ఇప్పుడు అక్కడ చదువుతున్నారు, కొందరు ప్రవేశ పరీక్షకు తయారవుతున్నారు. అసలు ఆ చెట్టుకు విత్తనం ఎక్కడ పడిందో తెలుసుకోవడం మంచిదే.

లా స్కూలుకూ పెన్షనర్లకూ ఏమిటి సంబంధం అని అడగవచ్చు. డిసెంబరు 17వ తేదీని మనం పెన్షనర్ల దినంగా జరుపుకుంటున్నాం. 1982లో ఆ రోజునే నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 1979 మార్చి 31వ తేదీన గానీ ఆ తర్వాత గానీ రిటైరైన వారికే కొత్త పెన్షను లెక్క వర్తిస్తుందని, అంతకు ముందు రిటైరైన వారికి వర్తించదని కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. రక్షణ శాఖలో పనిచేసి 1972లో రిటైరైన డి.ఎస్. నకారా గారు, ఆయనతో పాటు సైన్యం నుంచి రిటైరైన మరొకరు, కామన్ కాజ్ అనే సంస్థ కలిసి కోర్టుకు వెళ్ళారు. అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఆ తేదీ గీతను చెరిపివేసింది. ఆ అయిదుగురిలో మన తెలుగువారు జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు ఒకరు. పెన్షను సర్కారు దయతలచి ఇచ్చే దానం కాదని, చేసిన సేవకు దక్కిన హక్కు అని ఆ తీర్పు తేల్చింది.

ఆ మాట చెప్పింది న్యాయమూర్తులే అయినా, వారి ముందు ఆ వాదన నిలబెట్టిన న్యాయవాదులు ఉన్నారు. మంచి న్యాయవాది లేకపోతే ఎంత మంచి హక్కయినా చట్టపుస్తకంలో అచ్చు అక్షరంగానే ఉండిపోతుంది. న్యాయవాదిని తయారు చేసేది లా కాలేజీ. కాబట్టి లా కాలేజీ ఎలా నడుస్తుందన్నది నల్లకోటు వేసుకునేవారి వ్యవహారం మాత్రమే కాదు, గడప దగ్గర నిలబడి న్యాయం అడిగే మనబోటి వారి వ్యవహారం కూడా.

పూర్వపు లా చదువులు

కోస్తా, రాయలసీమ జిల్లాల వారు లా చదవాలంటే చాలాకాలం మద్రాసు వెళ్ళవలసి వచ్చేది. అక్కడి లా కాలేజీ 1891లో ఏర్పడింది. 1945లో ఆంధ్ర విశ్వవిద్యాలయం తన లా కాలేజీని ప్రారంభించింది. ఆ రోజుల్లో లా అంటే డిగ్రీ అయిన తర్వాత రెండేళ్ళ చదువు. 1961లో అడ్వొకేట్స్ చట్టం వచ్చింది. దేశమంతటికీ ఒకే తరహా న్యాయవాది, పైన బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే ఏర్పాటు జరిగింది. విశ్వవిద్యాలయాలతో సంప్రదించి న్యాయవిద్య ప్రమాణాలు నిర్ణయించే బాధ్యత కూడా ఆ కౌన్సిలుకే వచ్చింది. 1960ల చివర్లో రెండేళ్ళ కోర్సు మూడేళ్ళయింది.

కాలం పెరిగింది గాని చదువు పెరగలేదు. మన తరం వారికి ఆ సంగతి వివరించి చెప్పనక్కర లేదు. ఇంజనీరింగు రాక, మెడిసిను రాక, ఎం.ఏ. సీటు కూడా దొరక్కపోతే చివరకు లా అనేవారు. చాలాచోట్ల సాయంత్రం కాలేజీలు. మన ఆఫీసుల్లో ఎంతమంది చేరేవారో మీకు గుర్తుండే ఉంటుంది. మా సెక్షన్ నుంచే ముగ్గురం చేరాం. ఏ ఊరో, ఏ కాలేజీయో పేరు ఎందుకు? సాయంత్రం అయిదు గంటలకు బీరువాకు తాళం వేసి, సైకిలెక్కి వెళ్ళేవాళ్ళం. ఒక గదిలో నూరుమందికి పైగా ఉండేవారు. లెక్చరరు గారు పగలంతా కోర్టులో నిలబడి అలిసిపోయి వచ్చేవారు. నోట్సు చదివేవారు, మేము రాసుకునేవాళ్ళం. అటెండెన్సు తీసుకునేటప్పుడు ఒకే గొంతు నాలుగు పేర్లకు పలికేది. పరీక్షల ముందు బజారులో గైడు కొంటే పని జరిగిపోయేది. లైబ్రరీ గదికి తాళం ఎప్పుడు తీస్తారో నాకు చివరిదాకా తెలియలేదు. కోర్టు గుమ్మం తొక్కకుండానే పట్టా వచ్చేసేది.

అలాగని ఆ కాలేజీలను తీసిపారేయడం న్యాయం కాదు. పగలు ఉద్యోగం చేసుకుని కుటుంబాన్ని పోషించుకునే వాడికి సాయంత్రం కాలేజీయే దిక్కు. నకారా కేసు వాదించినవారు, విన్నవారు అందరూ పాత పద్ధతి చదువుల నుంచి వచ్చినవారే. అయితే వారు సొంత ప్రతిభ వల్ల, మంచి సీనియర్ల దగ్గర శిష్యరికం వల్ల పైకి వచ్చారు. ప్రతిభ ఉన్నవాడు ఎక్కడ వేసినా మొలుస్తాడు. సామాన్య విద్యార్థిని కూడా పనికివచ్చే వకీలుగా తీర్చిదిద్దడమే కాలేజీ పని. అదే జరగలేదు.

ఈ లోపం పెద్దలకు తెలియక కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1964లోనే జస్టిస్ గజేంద్రగడ్కర్ అధ్యక్షతన ఒక కమిటీ వేసి న్యాయవిద్యను పరిశీలింపజేసింది. దాని సిఫార్సుల ప్రకారం ఢిల్లీలో కొన్ని మార్పులు వచ్చాయి. మిగతా దేశం చాలావరకు పాత దారినే నడిచింది.

1982 నాటి నిర్ణయం

నకారా తీర్పు వచ్చిన 1982లోనే బార్ కౌన్సిల్ మరొక పెద్ద నిర్ణయం తీసుకుంది. డిగ్రీ తర్వాత మూడేళ్ళు కాకుండా, ఇంటర్మీడియట్ అయిన వెంటనే చేరి అయిదేళ్ళు పూర్తికాలం చదివే సమగ్ర కోర్సు ఉండాలని తీర్మానించింది. మెడిసిను, ఇంజనీరింగు మాదిరిగా పిల్లవాడు పదిహేడో ఏట నుంచే లాయరు కావాలనే ఉద్దేశంతో చదవాలి. చరిత్ర, రాజనీతి, ఆర్థికశాస్త్రం, సమాజశాస్త్రం కూడా చట్టంతో కలిపి నేర్చుకోవాలి. ఇదీ ఆలోచన.

తీర్మానం చేయడం సులువు, అమలు చేయడం కష్టం. ఆఫీసులో నలిగిన మనకు ఇది బాగా తెలుసు. ఉన్న విశ్వవిద్యాలయంలో ఒక సిలబస్ మార్చాలంటే బోర్డు ఆఫ్ స్టడీస్, ఫాకల్టీ, అకడమిక్ కౌన్సిల్ అంటూ ఫైలు మెట్లెక్కి దిగుతూ ఉంటుంది. ఒక అధ్యాపకుణ్ణి వేయాలంటే మరి కొన్ని మెట్లు. చెప్పి చేయించడం కంటే చేసి చూపించడం మేలని కౌన్సిల్ పెద్దలు అనుకున్నారు. తామే ఒక నమూనా లా స్కూలు పెట్టాలని సంకల్పించారు. బార్ కౌన్సిల్, కర్ణాటక రాష్ట్ర బార్ కౌన్సిల్, న్యాయమూర్తులు, బెంగుళూరు విశ్వవిద్యాలయం, కర్ణాటక ప్రభుత్వం ఒక్క తాటిమీదికి వచ్చాయి. అప్పుడు ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే గారు. 1986లో కర్ణాటక శాసనసభ నేషనల్ లా స్కూల్ చట్టం చేసింది. అది ఆ సంవత్సరపు 22వ నంబరు చట్టం. 1987లో నోటిఫికేషను వచ్చి విశ్వవిద్యాలయం ఏర్పడింది.

చట్టంలో ఉన్న కీలకం

ఇక్కడ గుమస్తా బుద్ధితో ఒక మాట చెప్పాలి. సంస్థలు భవనాల వల్ల నిలబడవు, వాటిని పుట్టించిన కాగితం వల్ల నిలబడతాయి. జి.ఓ. సరిగా లేకపోతే ఎంత మంచి పథకమయినా ఆడిట్ అభ్యంతరాల్లో చిక్కుకుంటుంది. బెంగుళూరు స్కూలు నిలబడిందంటే అందులో సగం పుణ్యం ఆ చట్టం రాసినవారిదే.

ఆ చట్టంలో నాలుగు మంచి ఏర్పాట్లు కనిపిస్తాయి. మొదటిది, ఈ స్కూలు మరొక విశ్వవిద్యాలయానికి అనుబంధం కాదు. తానే ఒక విశ్వవిద్యాలయం. సిలబస్ తనదే, పరీక్ష తనదే, పట్టా తనదే. రెండవది, ఛాన్సలరు రాష్ట్ర గవర్నరు కాదు, భారత ప్రధాన న్యాయమూర్తి. దానివల్ల రాష్ట్రంలో ప్రభుత్వాలు మారినా స్కూలు మీద గాలి ఇటూ అటూ వీచదు. మూడవది, బార్ కౌన్సిలుకు పాలక మండళ్ళలో చోటు ఉంది. వృత్తిలో ఉన్నవారికీ చదువు చెప్పేవారికీ మధ్య తెగిపోయిన దారం మళ్ళీ ముడిపడింది. నాల్గవది, సంస్థ లక్ష్యాలు చట్టంలోనే రాశారు. విద్యార్థిలో సమాజానికి సేవ చేసే బాధ్యత కలిగించాలి, న్యాయ సహాయంలోనూ చట్టాలు రాయడంలోనూ సంస్కరించడంలోనూ నేర్పు ఇవ్వాలి, చట్టాన్ని సామాజికాభివృద్ధికి పనిముట్టుగా చేయాలి అనేది దాని సారాంశం. ఈ నాల్గవ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. వ్యాసం చివర దీనితో పని ఉంది.

మాధవ మీనన్ గారు

కాగితం ఎంత బాగున్నా దాన్ని అమలు చేసే మనిషి కావాలి. బార్ కౌన్సిల్ పిలుపు మీద 1986లో బెంగుళూరు వచ్చి ఈ స్కూలు భారం ఎత్తుకున్నవారు ఎన్.ఆర్. మాధవ మీనన్ గారు. 1935లో తిరువనంతపురంలో పుట్టారు. చిన్న వయసులోనే, 1956లో కేరళలో న్యాయవాదిగా నమోదయ్యారు. ఆ తర్వాత మనలాగే సర్కారు ఉద్యోగంలో చేరి ఢిల్లీలో కేంద్ర సచివాలయంలో కొంతకాలం పనిచేశారు. ఈ సంగతి చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఫైళ్ళు నడిచే తీరు లోపలి నుంచి చూసిన మనిషి ఆయన.

ఉద్యోగంలోనే ఉండిపోకుండా అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో పై చదువులు చదివి, అక్కడే బోధన ప్రారంభించారు. తర్వాత ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వచ్చి క్యాంపస్ లా సెంటరుకు అధిపతి అయ్యారు. అక్కడ విద్యార్థుల చేత పేదలకు న్యాయ సహాయం చేయించే పద్ధతి నడిపారు. పాండిచ్చేరి ప్రభుత్వ లా కాలేజీకి ప్రిన్సిపాలుగా, బార్ కౌన్సిల్ ట్రస్టుకు కార్యదర్శిగా కూడా పనిచేశారు. అంటే ఉపాధ్యాయుడి కష్టం, ప్రభుత్వ కాలేజీ కష్టం, వృత్తి సంఘం కష్టం మూడూ తెలిసినవారు. బెంగుళూరులో 12 సంవత్సరాలు, 1998 దాకా, డైరెక్టరుగా ఉన్నారు. అక్కడ వైస్ ఛాన్సలరు పని చేసేవారిని తొలినాళ్ళలో డైరెక్టరు అనేవారు.

1988 జూలై 1

మొదటి తరగతులు 1988 జూలై 1వ తేదీన మొదలయ్యాయి. సొంత భవనం లేదు. బెంగుళూరు విశ్వవిద్యాలయం వారి సెంట్రల్ కాలేజీ ఆవరణలో చోటు ఇచ్చారు. ఒకప్పుడు రాజాజీ గారు బి.ఏ. చదివిన కాలేజీ అది. దేశమంతటి నుంచి ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లలను తీసుకున్నారు. తరగతికి 80 మంది. మన సాయంత్రం కాలేజీ గదులను తలచుకుంటే ఈ అంకె విలువ తెలుస్తుంది.

ఆనాటి తల్లిదండ్రుల ధైర్యాన్ని కూడా మెచ్చుకోవాలి. ఇంకా ఒక్క విద్యార్థి కూడా పట్టా పుచ్చుకోని స్కూలు. సొంత గోడలు లేవు. అయిదేళ్ళ కోర్సు అంటే ఏమిటో బంధువులకు చెప్పినా అర్థం కాదు. ఇంటర్లో మంచి మార్కులు వచ్చిన పిల్లవాణ్ణి ఇంజనీరింగుకు పంపకుండా లాకు పంపుతున్నారా అని చుట్టుపక్కల వారు అడిగే కాలం. అటువంటప్పుడు నమ్మి పంపారు.

చదువు చెప్పే పద్ధతి పూర్తిగా మార్చారు. ఏడాదిని మూడు భాగాలు చేశారు. అయిదేళ్ళకు 15 ట్రైమిస్టర్లు. ఒక్కో ట్రైమిస్టరులో నాలుగు సబ్జెక్టుల చొప్పున మొత్తం సుమారు 60. ప్రతి సబ్జెక్టులోనూ విద్యార్థి సొంతంగా లైబ్రరీలో కూర్చుని ఒక పరిశోధన వ్యాసం రాయాలి, దాని మీద అధ్యాపకులు వేసే ప్రశ్నలకు జవాబు చెప్పాలి. గైడు కొంటే జరిగే పని కాదు. అధ్యాపకుడు నోట్సు చెప్పడం కాకుండా, పిల్లలు ముందే తీర్పు చదివి వస్తే దాని మీద ప్రశ్నలు వేసి చర్చ జరిపేవారు. ఒకే తరగతిలో ఇద్దరు అధ్యాపకులు కలిసి చెప్పే పద్ధతి కూడా పెట్టారు. చట్టం చెప్పే వారితో పాటు చరిత్ర, ఆర్థికశాస్త్రం, సమాజశాస్త్రం చెప్పేవారు కూడా అక్కడే పనిచేసేవారు. కౌలుదారీ చట్టం చెప్పేటప్పుడు ఆ కౌలుదారుడి బ్రతుకు కూడా చెప్పేవారు ఒకరు ఉండాలి గదా!

మూట్ కోర్టులు, అంటే కోర్టు మాదిరిగా ఇరుపక్షాలు వాదించే అభ్యాసం, పిల్లలకు నిత్యకృత్యమయింది. సెలవుల్లో న్యాయవాదుల దగ్గర, స్వచ్ఛంద సంస్థల దగ్గర పని నేర్చుకోవాలి. న్యాయ సహాయ కేంద్రం ద్వారా నిజమైన కక్షిదారులతో మాట్లాడాలి. హాజరు విషయంలో కఠినం. నాలుగు పేర్లకు ఒక గొంతు పలకడం అక్కడ కుదరదు. ఇవన్నీ వింటే ఇప్పుడు మామూలుగా అనిపిస్తాయి. 1988లో మామూలు కాదు.

డబ్బు మాటకు వస్తే, రాష్ట్ర ప్రభుత్వం, బార్ కౌన్సిల్ సాయం చేశాయి. ఫోర్డ్ ఫౌండేషన్ వారి గ్రాంటు కూడా అందింది. తర్వాత బెంగుళూరు విశ్వవిద్యాలయం జ్ఞానభారతి ఆవరణ పక్కన, నాగరభావిలో సొంత క్యాంపస్ వచ్చింది. ఇప్పుడది సుమారు 23 ఎకరాలు. అధ్యాపకులు, విద్యార్థులు అందరూ ఒకేచోట ఉండేటట్లు హాస్టళ్ళతో కట్టారు. రాత్రి భోజనాల దగ్గర కూడా కేసుల ముచ్చట్లే నడవాలన్నది దాని వెనుక ఉద్దేశం.

1993లో మొదటి బ్యాచి బయటికి వచ్చింది. వారు చదువుకుంటూ ఉండగానే 1991లో ఆర్థిక విధానం మారిపోయింది. విదేశీ కంపెనీలు, పెద్ద ఒప్పందాలు, వాటిని రాసిపెట్టే లా ఫర్ములు పెరిగాయి. అయిదేళ్ళు గట్టిగా చదివిన పిల్లలు సరిగ్గా అప్పుడే చేతికి వచ్చారు. ఉద్యోగాలు వెతుక్కుంటూ వచ్చాయి. పత్రికలు తూర్పు దేశాల హార్వర్డు అని పొగిడాయి. లా చదువుకు పోయిన పరువు తిరిగి వచ్చింది.

మన వైపు దారి

ఆ విజయం చూసి ఇతర రాష్ట్రాలు కదిలాయి. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1998లో 34వ నంబరు చట్టం చేసి నల్సార్‌ను ఏర్పరచింది. రణబీర్ సింగ్ గారు మొదటి వైస్ ఛాన్సలరు. అది కూడా అద్దె పంచన పుట్టిన బిడ్డే. మొదట హైదరాబాదు బర్కత్‌పురాలో నడిచి, తర్వాత శామీర్‌పేటలోని సొంత క్యాంపస్‌కు వెళ్ళింది. ఇప్పుడు తెలంగాణలో ఉంది. అదే 1998లో మీనన్ గారు బెంగుళూరు బాధ్యత వదిలి కలకత్తాలో మరొక లా విశ్వవిద్యాలయం నిర్మించడానికి వెళ్ళారు. ఆ తర్వాత భోపాల్‌లో న్యాయమూర్తులకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీకి మొదటి డైరెక్టరయ్యారు.

2008లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన లా విశ్వవిద్యాలయానికి తర్వాత దామోదరం సంజీవయ్య గారి పేరు పెట్టారు. మద్రాసు లా కాలేజీలో చదివి, దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి అయిన మనిషి ఆయన. మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛన్లు ఆయన హయాంలోనే మొదలయ్యాయి. ఒక లా విశ్వవిద్యాలయానికి అంతకంటె తగిన పేరు ఏముంటుంది!

బెంగుళూరు స్కూలుతో తెలుగువారికి మరొక బంధం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం బోధించిన ఆర్. వెంకటరావు గారు 2009 నుంచి 2019 దాకా పదేళ్ళు దానికి వైస్ ఛాన్సలరుగా ఉన్నారు. 1945లో మొదలైన మన పాత కాలేజీ నుంచి వెళ్ళిన ఆచార్యుడు 1987లో పుట్టిన కొత్త స్కూలును నడిపాడన్న మాట. ఆయన తర్వాత వచ్చిన సుధీర్ కృష్ణస్వామి గారు ఆ స్కూలు పూర్వ విద్యార్థి. ఇప్పుడు దేశంలో ఇటువంటి లా విశ్వవిద్యాలయాలు ఇరవైకి పైగా ఉన్నాయి. ఒక్కొక్క స్కూలుకు విడిగా పరీక్ష రాయలేక పిల్లలు అవస్థపడుతుంటే 2008లో ఏడు విశ్వవిద్యాలయాలు కలిసి క్లాట్ అనే ఉమ్మడి పరీక్ష మొదలుపెట్టాయి.

తీరవలసిన బాకీ

ఇంతవరకు మంచి చెప్పాను. రెండో వైపు కూడా చూడాలి. చట్టంలో రాసిన నాల్గవ సంగతి గుర్తుంచుకోమన్నాను. సమాజ సేవ, న్యాయ సహాయం, చట్ట సంస్కరణ అక్కడ రాసిన లక్ష్యాలు. బయటికి వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది నడిచిన దారి పెద్ద లా ఫర్ములు, కంపెనీలు, విదేశీ చదువులు. పేదల పక్షాన, రాజ్యాంగ హక్కుల పక్షాన నిలబడి పేరు తెచ్చుకున్నవారు లేకపోలేదు. కాని జిల్లా కోర్టులో, మున్సిఫ్ కోర్టులో, కుటుంబ పెన్షను కోసం ట్రిబ్యునల్ చుట్టూ తిరిగే వితంతువు పక్కన నిలబడడానికి ఆ పట్టా పట్టుకుని వచ్చినవారు ఎంతమంది? ఈ విచారం మీనన్ గారి కోవకు చెందిన ఆచార్యులకే ఉండేది.

పిల్లలను తప్పు పట్టలేం. ఏడాదికి ఫీజు, హాస్టలు కలిపి లక్షల్లో ఉంటే, అప్పు చేసి చదివిన పిల్లవాడు ముందు అప్పు తీర్చే దారి చూస్తాడు. ప్రవేశ పరీక్ష ఇంగ్లీషులోనే. కోచింగుకు మళ్ళీ వేలకు వేలు. పల్లెటూరి తెలుగు మీడియం పిల్లవాడికి ఆ గుమ్మం ఎంత ఎత్తో ఆలోచించండి. ఆ స్కూలులోనే చదివిన షమ్నాద్ బషీర్ గారు ఈ సంగతి గుర్తించి 2010లో ఇడియా అనే సంస్థ పెట్టారు. పేద పిల్లలను వెతికి, పరీక్షకు తయారు చేసి, లా స్కూళ్ళలో చేర్పించడం దాని పని. ఆయన 2019లో చిన్న వయసులోనే పోయారు. చేసిన పని మిగిలింది.

స్థానికుల ప్రశ్న కూడా వచ్చింది. 2020లో కర్ణాటక శాసనసభ తమ రాష్ట్ర విద్యార్థులకు 25 శాతం సీట్లు కేటాయిస్తూ చట్టం సవరిస్తే, ఆ సెప్టెంబరులోనే హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ తర్వాత స్కూలు తన సొంత ప్రణాళికలో కర్ణాటక విద్యార్థులకు అంతే వాటా కల్పించింది. స్థలం ఇచ్చింది, గ్రాంటు ఇచ్చింది ఆ రాష్ట్రం. సంస్థ మాత్రం జాతీయం. ఇరువైపులా న్యాయం ఉన్న తగాదా ఇది.

అదే సంవత్సరం కరోనా రోజుల్లో స్కూలు క్లాట్ నుంచి విడిపోయి, కొద్ది రోజుల వ్యవధిలో ఇంటి నుంచే కంప్యూటరు మీద రాసే సొంత ప్రవేశ పరీక్ష ప్రకటించింది. కంప్యూటరు, ఇంటర్నెట్ సదుపాయం లేని పిల్లలు ఏమి కావాలి? ఒక విద్యార్థి తండ్రి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆయనతో పాటు పిటిషనరుగా నిలిచినవారు వెంకటరావు గారే. తాను పదేళ్ళు నడిపిన సంస్థ తీసుకున్న నిర్ణయాన్ని తానే ప్రశ్నించారు. 2020 సెప్టెంబరు 21వ తేదీన కోర్టు ఆ పరీక్షను కొట్టివేసి, క్లాట్ ద్వారానే ప్రవేశాలు జరపాలని తీర్పు చెప్పింది. న్యాయం నేర్పే బడికి న్యాయస్థానం ఒక పాఠం చెప్పిందన్న మాట. ఇందులో ఆ సంస్థకు చిన్నతనం ఏమీ లేదు. తప్పు దిద్దే దారి తెరిచి ఉందనడానికి అది గుర్తు.

2022 నుంచి డిగ్రీ అయిన వారికి మూడేళ్ళ పూర్తికాలపు లా కోర్సు కూడా అక్కడ ప్రారంభించారు. 1982లో పక్కన పెట్టదలచుకున్న మూడేళ్ళ చదువే, కొత్త బట్టలు కట్టుకుని తిరిగి వచ్చింది. ఇతర పనులు చేసి జీవితం చూసిన వారికి కూడా ఆ తలుపు తెరుచుకోవడం మంచిదే అనిపిస్తుంది.

మీనన్ గారు 2019 మే 8వ తేదీన 84వ ఏట కన్నుమూశారు. 2003లో పద్మశ్రీ, మరణానంతరం 2020లో పద్మభూషణ్ ఇచ్చి ప్రభుత్వం గౌరవించింది. సచివాలయంలో ఒక కుర్చీలో కూర్చుని, క్రమంగా ప్రమోషన్లు తీసుకుని రిటైరయి ఉంటే ఆయన కూడా మన మాదిరిగా ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకుంటూ ఉండేవారు. అందులో అగౌరవం ఏమీ లేదు. కాని ఆయన ఎంచుకున్న దారి వల్ల దేశంలో లా చదువు ముఖమే మారింది.

మిత్రులారా, ఆ స్కూలుకు చట్టం ఇచ్చింది ప్రజల శాసనసభ. నేల ఇచ్చింది ప్రజల విశ్వవిద్యాలయం. గ్రాంటులో మన పన్నుల పైసలు కూడా ఉన్నాయి. కాబట్టి అక్కడ నుంచి వచ్చే వకీలు మీద మనకు కొంత హక్కు ఉంది. మీ ఇంట్లో పిల్లలెవరైనా ఈ చదువులో చేరితే, నకారా కేసు ఒకసారి చదవమనండి. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మన సంఘం ఆఫీసులో ఒక పూట కూర్చుని, ఎరియర్స్ రాక, కుటుంబ పెన్షను మంజూరు కాక తిరుగుతున్న వారి కాగితాలు చూసి పెట్టమనండి. చట్టంలో రాసిన ఆ నాల్గవ సంగతి అమలు కావడానికి బెంగుళూరు దాకా వెళ్ళనక్కర లేదు. మన వీధిలో మొదలైనా చాలు.

అందరికీ ఆయురారోగ్యాలు కోరుతూ,

ఒక రిటైర్డ్ సీనియర్ అసిస్టెంటు